క్లాసిక్ 350కి విండ్‌షీల్డ్: ఎంత ఎత్తు ఉండాలి, ఎలా బిగించాలి, ఎలా సరిచూసుకోవాలి

హైదరాబాద్ నుంచి విజయవాడకి దాదాపు 270 కిలోమీటర్లు. చౌటుప్పల్ దాటాక బండి 80లో హాయిగానే పోతుంది, అలసిపోయేది మనమే. సూర్యాపేటలో టీకి ఆగేసరికి మెడ పట్టేసి, భుజాలు లాగేస్తుంటాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద నిటారుగా కూర్చుంటాం, ముందు ఏ అడ్డూ ఉండదు. గాలంతా మన ఛాతీకే కొడుతుంది. వేగం రెట్టింపైతే ఆ గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. 60 నుంచి 80కి వెళ్తే పెరిగింది 20 కిలోమీటర్లే కదా అనుకుంటాం గానీ, తోపు మాత్రం ముప్పావు వంతు పైనే ఎక్కువవుతుంది.

ఆ తోపుకి వెనక్కి పోకుండా హ్యాండిల్‌ని బిగపట్టి వేలాడుతున్నట్టు కూర్చుంటాం. నొప్పులు సరే, అసలు ఇబ్బంది ఇంకొకటుంది. హ్యాండిల్ అంత గట్టిగా పట్టుకున్నప్పుడు, ఒంటికి తగిలిన ప్రతి గాలి విసురూ చేతుల గుండా స్టీరింగ్‌లోకి వెళ్తుంది. బండి అటూ ఇటూ కదులుతోందంటే చాలాసార్లు కదిలిస్తున్నది మనమే. విండ్‌షీల్డ్ పెట్టాక బండి స్థిరంగా పోతోందని చాలామంది చెప్పడానికి పెద్ద కారణం ఇదే. ఛాతీ మీద తోపు తగ్గుతుంది, పట్టు వదులవుతుంది, బండి దాని దారిన అది పోతుంది.

అయితే ఈ లాభం పూర్తిగా ఉచితం కాదు. షీల్డ్ కూడా గాలిని పట్టే వస్తువే, పైగా క్లాసిక్ లాంటి బండికి అది హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. మరీ పెద్దది పెడితే ఇంతకుముందు ఒంటికి తగిలిన పక్కగాలి ఇప్పుడు నేరుగా స్టీరింగ్‌కే తగులుతుంది. అందుకే కింద చెప్పేదంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది: గాలిని పూర్తిగా ఆపాలని చూడొద్దు. ఛాతీ మీద బరువు తగ్గించండి, హెల్మెట్‌కి మాత్రం సాఫీగా పారే గాలి తగలనివ్వండి.

ముందు బండిని చూడండి

ఇప్పటికే 80 దగ్గర హ్యాండిల్ వణుకుతుంటే షీల్డ్ దాన్ని బాగుచేయదు, పెంచుతుంది. కాబట్టి షీల్డ్ కొనకముందే మూడు పనులు చేయండి. రెండు టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించి చూడండి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని నొక్కమని ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ని మెల్లగా ఒక చివర నుంచి మరో చివరకి తిప్పండి. మధ్యలో ఎక్కడైనా గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయినట్టే. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు) కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగినప్పుడు టక్కుమంటే ఆ కోన్ సెట్ వదులైంది. ఇక టైరు మీద గుంతలు గుంతలుగా అరుగుదల ఉందేమో చూడండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా ముందు మెకానిక్ దగ్గరికే వెళ్లండి.

వెనక పెద్ద టాప్ బాక్స్ పెట్టుకునేవాళ్లకి ఒక మాట. బరువు వెనక్కీ పైకీ చేరితే ముందు చక్రం తేలికవుతుంది. అలాంటి బండికి ముందు పెద్ద షీల్డ్ కూడా తగిలిస్తే వాబ్లింగ్‌ని, అంటే హ్యాండిల్ దానంతట అదే ఊగడాన్ని, పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే. బరువున్న సామాను కింద, సైడ్ బ్యాగుల్లో పెట్టి, రెండు పక్కలా సమానంగా సర్దండి.

ఏ రకం కొనాలి

మార్కెట్లో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది హెడ్‌లైట్ మీద టోపీలా ఉండే చిన్నది, షాపుల్లో వైజర్ అంటారు. చూడ్డానికి బాగుంటుంది, మీటర్ మీద వర్షం పడకుండా కాస్త ఆపుతుంది, అంతకు మించి హైవే మీద దాని నుంచి ఆశించకండి. మూడోది పోలీసు బండ్లకి ఉన్నట్టు ముఖం దాకా వచ్చే పెద్ద షీల్డ్. మన దారులకి సరిపోయేది ఈ రెంటికీ మధ్యలో ఉన్నది, అంటే ఛాతీ మీద గాలిని పైకి మళ్లించి గడ్డమో ముక్కో దాకా వచ్చే రకం. కంపెనీ యాక్సెసరీల్లోనూ దొరుకుతుంది, బయట కూడా దొరుకుతుంది. హైదరాబాద్‌లో అయితే బండ్ల సామాన్ల షాపులుండే పుత్లీబౌలి వైపు ఒకసారి తిరిగి చేత్తో పట్టుకుని చూశాకే కొనండి. ఫొటోలో మందం తెలియదు.

మీది రాయల్ ఎన్‌ఫీల్డ్‌లోనే మీటియరో హిమాలయనో అయితే ముందు మీ వేరియంట్‌కి కంపెనీ ఏమిచ్చిందో చూసుకోండి. 2020లో మీటియర్ 350 వచ్చినప్పుడే సూపర్‌నోవా వేరియంట్‌కి విండ్‌స్క్రీన్ ఇచ్చారు. హిమాలయన్‌కి చిన్నది ఎలాగూ ఉంటుంది. అలాంటప్పుడు కొత్త షీల్డ్ కంటే ఉన్నదాని పైఅంచుకి తగిలించే చిన్న స్పాయిలర్‌తో (గాలిని మళ్లించే చిన్న ముక్క) పని అయిపోవచ్చు.

ప్లాస్టిక్‌లో రెండు జాతులు. యాక్రిలిక్ మీద గీతలు తక్కువ పడతాయి, కానీ గట్టిదెబ్బ తగిలితే పగిలి పదునైన ముక్కలవుతుంది. పాలీకార్బనేట్ దెబ్బకి వంగుతుంది గానీ అంత తేలిగ్గా పగలదు, కాకపోతే పైన గట్టి కోటింగ్ లేకపోతే గుడ్డతో తుడిచినా గీతలు పడతాయి. లారీ టైర్ల కింద నుంచి కంకర ఎగిరే మన రోడ్లకి కోటింగ్ ఉన్న పాలీకార్బనేట్ మేలని నా అభిప్రాయం. మందం 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. సైన్‌బోర్డు షాపులో యాక్రిలిక్ షీట్ కోయించి సొంతంగా చేసుకుందామనే ఆలోచన వస్తుంది చాలామందికి. వద్దు. అది మీ గొంతుకి ఎదురుగా ఉండే వస్తువు.

రంగు విషయంలో అద్దంలా తెల్లగా, ఆరపారా కనబడేదే తీసుకోండి. నల్లటి షీల్డ్ పగలు బాగుంటుంది. రాత్రి ఎదురు లైట్లలో గుంత కనబడకపోతే తెలుస్తుంది దాని సంగతి.

అన్నిటికంటే ముఖ్యం బిగించే పాయింట్లు. హ్యాండిల్‌కి రెండే క్లాంపులతో నిలబడే షీల్డ్ 80 దగ్గర మెల్లగా వెనక్కి వాలుతుంది, లేదా డుగడుగమని కొట్టుకుంటుంది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు చోట్ల పట్టుకునే కిట్ తీసుకోండి. మీ మోడల్‌కి, మీ సంవత్సరానికి చేసినదేనా అని అడగండి. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ పాతదాని కంటే వేరే బండి, పాతదాని బ్రాకెట్లు దీనికి కుదురుతాయని అనుకోవద్దు.

అట్టముక్కతో ఎత్తు తేల్చుకోండి

ఈ పనికి ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది, కానీ డబ్బు దండగ కాకుండా ఆపేది ఇదే. ఫ్రిజ్ అట్టపెట్టె లాంటిది ఒకటి తీసుకుని మీరు కొనాలనుకున్న షీల్డ్ కొలతలకి కోయండి. సెంటర్ స్టాండ్ మీద కాకుండా, ఎవరినైనా బండి నిటారుగా పట్టుకోమని, మామూలుగా కూర్చోండి. హెల్మెట్, జాకెట్, హైవేలో వేసుకునే బూట్లు అన్నీ వేసుకోండి. ఫొటో కోసం కూర్చున్నట్టు నిటారుగా కాదు, రెండు గంటలు నడిపాక నడుము ఎలా జారుతుందో అలా కూర్చోండి. అట్టని హెడ్‌లైట్ ముందు, కాస్త వెనక్కి వాలుగా పెట్టి టేపు వేయండి.

పైఅంచు మీ ముక్కు కొసకి ఎదురుగా ఉండాలి. కళ్లకి ఎదురుగా వస్తే ఎక్కువైనట్టే. షీల్డ్ అంచు దాటిన గాలి అక్కడే ఆగదు, ఇంకాస్త పైకి లేచి వస్తుంది, కాబట్టి అంచు ముక్కు దగ్గరున్నా గాలి హెల్మెట్ పైభాగానికి చేరుతుంది. మనం షీల్డ్ మీదుగా చూడాలి, షీల్డ్ లోంచి కాదు. ఎండలో, కొత్తదిగా ఉన్నప్పుడు లోంచి చూసినా తేడా తెలియదు. రాత్రి, వర్షం, ఎదురుగా హై బీమ్‌లో లారీ, షీల్డ్ నిండా నీటి బొట్లు, ఏడాది గీతలు. ఒక్కో బొట్టూ ఒక్కో లైటవుతుంది, రోడ్డు మాయమవుతుంది. హెల్మెట్ వైజర్‌నైతే చేత్తో తుడుచుకోవచ్చు, పైకి ఎత్తుకోవచ్చు, షీల్డ్‌ని ఏం చేస్తారు?

అట్ట పెట్టే ఉంచి హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పండి. ట్యాంకుకి, మీ మోకాలికి, అద్దాల కాడలకి తగలకూడదు. ముందు నుంచి చూస్తే హెడ్‌లైటూ ఇండికేటర్లూ నంబర్ ప్లేటూ పూర్తిగా కనబడాలి. ఈ చివరిది మరిచిపోతే గుర్తుచేయడానికి ప్రతి చౌరస్తాలో ఒక కెమెరా ఉంది.

బిగించే రోజు

కావాల్సినవి: ఆలెన్ కీల సెట్టు, పానాలు, మాస్కింగ్ టేపు, కొలతల టేపు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి తేలిగ్గా వదులు కానివి). పక్కన మరో మనిషి ఉంటే మంచిది, షీల్డ్‌ని ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో బోల్టు వెతకడం జరిగే పని కాదు.

ముందు ట్యాంకు మీద దుప్పటి పరవండి, పానా జారితే పెయింట్ పోతుంది. క్లాంపులు పడే చోట శుభ్రంగా తుడిచి ట్యూబు ముక్క చుట్టండి. పట్టు దొరుకుతుంది, క్రోమ్ మీద గీత పడదు. నాలుగు క్లాంపులూ వదులుగా తగిలించండి, ఏదీ పూర్తిగా బిగించొద్దు. తర్వాత షీల్డ్ నిలబెట్టి, హెడ్‌లైట్ మధ్యకి సరిగ్గా ఉందో లేదో బండి ముందు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి చూడండి. అప్పుడు నాలుగింటినీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే ప్లాస్టిక్ మెలిపడి ఉంటుంది, ఏదో ఒక రోజు రంధ్రం దగ్గర పగులు మొదలవుతుంది.

షీల్డ్‌కి తగిలే ప్రతి బోల్టుకీ రెండు వైపులా రబ్బర్ వాషర్ ఉండాలి. రబ్బరు కొద్దిగా నొక్కుకుని ఉబ్బితే చాలు, ఇంకో చుట్టు తిప్పాలనే కోరికని ఆపుకోండి. రంధ్రం బోల్టు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండడం లోపం కాదు. ఎండకి ప్లాస్టిక్ వ్యాకోచిస్తుంది, దానికి ఆ చోటు కావాలి.

వైబ్రేషన్‌కి బోల్టులు వదులవుతాయని మెకానిక్‌లు థ్రెడ్‌లాకర్ అనే జిగురు ద్రవం బొట్టు వేయడం మామూలే. మిగతా చోట్ల సంగతి ఎలా ఉన్నా, షీల్డ్ దగ్గర మాత్రం వద్దు. ఆ ద్రవం తగిలితే పాలీకార్బనేట్, యాక్రిలిక్ రెండింటికీ సన్నటి పగుళ్లు వస్తాయి. వెంటనే కనబడవు కాబట్టి ఎందుకు పగిలిందో తర్వాత తెలియదు. నైలాక్ నట్లు కొనమన్నది అందుకే.

కింది క్లాంపులు ఫోర్క్‌కి వచ్చే కిట్ అయితే, అవి పడిన చోటు సస్పెన్షన్‌తో పాటు పైకి కిందికి కదిలే భాగం కాకూడదు. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువంతా వేసి రెండు మూడుసార్లు నొక్కండి. మడ్‌గార్డ్ ఎక్కడా తగలకూడదు.

ఇప్పుడు ఒక పరీక్ష తప్పనిసరి. న్యూట్రల్‌లో ఇంజిన్ స్టార్ట్ చేసి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. ఎక్కడైనా ఇంజిన్ శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బ్రాకెట్‌కి చిక్కుకుని లాగుతోందన్నమాట. యూటర్న్‌లో బండి దానంతట అదే రేజ్ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. క్లచ్ కేబుల్, బ్రేక్ పైపు, వైర్ల కట్ట కూడా చివర దాకా తిప్పినప్పుడు బిగుసుకోకూడదు.

షీల్డ్ కింది అంచుకీ హెడ్‌లైట్‌కీ మధ్య ఖాళీ పూర్తిగా మూసేయకండి. రెండు మూడు సెంటీమీటర్లు వదిలితే అక్కడి నుంచి కొంత గాలి లోపలికి వస్తుంది. ఆ దారి లేకపోతే షీల్డ్ వెనక పీడనం తగ్గి, చుట్టూ ఉన్న గాలి ఆ ఖాళీలోకి విరుచుకుపడుతుంది. ఎవరో వెనక నుంచి తల మీద చిన్న చిన్న దెబ్బలు వేస్తున్నట్టు ఉంటుంది. పెద్ద షీల్డ్ పెట్టుకుని రెండో రోజే పీకేసేవాళ్లలో చాలామంది బాధ ఇదే.

రోడ్డు మీద సరిచూసుకోవడం

గాలి తక్కువ ఉండే ఉదయం పూట, ఖాళీ రోడ్డు చూసుకోండి. హైదరాబాద్ వాళ్లు ఔటర్ రింగ్ రోడ్డుని గుర్తుచేసుకోకండి, దాని మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు. మొదట 40లో, తర్వాత 60లో, అప్పుడే 80లో నడపండి. అంతకు మించి పరీక్షించాల్సిన పని లేదు. నాలుగు వరసల హైవేలో టూవీలర్‌కి పరిమితి అదే, ఈ షీల్డ్ పెట్టుకునేది కూడా ఆ వేగానికే.

ఒక్కో వేగంలో స్థిరంగా నడుపుతూ నడుముని రెండు అంగుళాలు కిందికి దించండి. హెల్మెట్ దగ్గర హోరు, ఊపు తగ్గితే షీల్డ్ ఇంకా కొంచెం ఎత్తు కావాలి, లేదా ఇంకొంచెం నిటారుగా నిలబెట్టాలి. తర్వాత అంతే పైకి సాగండి. పైకి సాగితేనే హాయిగా ఉంటే షీల్డ్ ఎక్కువైంది. దించండి, లేదా ఇంకొంచెం వెనక్కి వాల్చండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఎత్తూ వాలూ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మార్చిన ప్రతిసారీ పాత స్థానం దగ్గర మాస్కింగ్ టేపు ముక్క అంటించి పెట్టుకోండి.

ఇంకా బాగా చూడాలంటే, అర జానెడు ఊలు దారం ముక్కలు షీల్డ్ లోపలి వైపు, పైఅంచున, హెల్మెట్ ముందు టేపుతో అంటించండి. స్నేహితుడు పక్క బండి మీద వెనక కూర్చుని ఫోన్‌లో వీడియో తీయాలి. దారాలు వెనక్కి తిన్నగా పారితే గాలి సాఫీగా ఉంది. గిరగిరా తిరుగుతూ ముందుకి వస్తుంటే అక్కడ సుడి ఉంది. హెల్మెట్ మీది దారం తిన్నగా పారడమే మీకు కావాల్సింది. ఛాతీ ముందు దారాలు కాస్త గందరగోళంగా ఉన్నా పర్వాలేదు.

హోరు మొత్తం పోతుందని ఆశపడకండి. షీల్డ్ పెట్టాక శబ్దం పెరిగిన సందర్భాలూ ఉన్నాయి, ఎందుకంటే అంచు దగ్గర చిరిగిన గాలి నేరుగా చెవుల దగ్గరికి వస్తుంది. అలా అయితే పొడవైన షీల్డ్ కొనడం కంటే ఒక అంగుళం తగ్గించి చూడడం మేలు. కోయించాలంటే రెండు వైపులా టేపు అంటించి, సన్న పళ్ల రంపంతో నిదానంగా కోయించి, అంచుని వాటర్ పేపర్‌తో నున్నగా చేయించండి. యాక్రిలిక్ అక్షరాలు చేసే షాపులవాళ్లు ఈ పని శుభ్రంగా చేస్తారు.

పక్కగాలి సంగతి వేరే. కర్నూలు దాటి బెంగళూరు వైపు వెళ్లే దారిలో, ముఖ్యంగా అనంతపురం ప్రాంతంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎలా ఉంటుందో అక్కడ గాలిమరలు ఎందుకు పెట్టారో చూస్తేనే తెలుస్తుంది. షీల్డ్ అక్కడ తెరచాప అవుతుంది. లారీని దాటేటప్పుడు దాని చాటున ఉన్నంతసేపూ గాలి ఉండదు, ముందుకి రాగానే ఒక్కసారిగా తగులుతుంది. ఆ క్షణం కోసం ముందే మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుని, చేతులు వదులుగా ఉంచి, పక్కన కాస్త చోటు ఉంచుకుని దాటండి. పెద్ద నదుల వంతెనల మీదా ఇదే పద్ధతి. గాలి మరీ ఎక్కువైతే 60కి దిగడం తప్ప వేరే ఉపాయం లేదు.

ఎప్పుడైనా హ్యాండిల్ దానంతట అదే అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైతే ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టొద్దు, హ్యాండిల్‌తో కుస్తీ పట్టొద్దు. ట్యాంకుని మోకాళ్లతో నొక్కి, ఒంటిని కొద్దిగా ముందుకి వంచి, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. బండి ఆగాక షీల్డ్ తీసేసి, అదే రోడ్డు మీద అంత వేగం దాకా పోకుండా ఇంటికి రండి. కారణం దొరికేదాకా మళ్లీ పెట్టకండి.

మొదటి 50 కిలోమీటర్ల తర్వాత అన్ని నట్లూ ఒకసారి చూడండి. ఆ తర్వాత పెద్ద ప్రయాణానికి బయల్దేరే ముందు రోజు చూస్తే చాలు.

తుడవడం, ఎండ, వేసవి

కోస్తా జిల్లాల్లో సాయంత్రం వరిచేల పక్క నుంచి పోతే షీల్డ్ నిండా పురుగులే. ఇవన్నీ ఇంతకుముందు మన ముఖానికి తగిలేవి కదా అని సంతోషించండి, కానీ ఎండిన పురుగుని గీకొద్దు. తడి గుడ్డ ఒక పది నిమిషాలు కప్పి ఉంచితే నాని వచ్చేస్తుంది. తర్వాత నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు నీరు, మైక్రోఫైబర్ గుడ్డ. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా ఉన్న స్ప్రే, పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. పెట్రోల్ బంకులో ట్యాంకు మీద చింది తుడిచిన గుడ్డతోనే షీల్డ్ కూడా తుడిచేయడం చాలామందికి అలవాటు.

పార్కింగ్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి. వంపు తిరిగిన షీల్డ్ లోపలి వైపు ఎండ పడితే అది కాంతిని ఒకచోటికి పోగుచేయగలదు. ఆ చోట మీటర్ ఉంటే దాని మీది ప్లాస్టిక్ కాలిపోతుంది. బండి ముందు భాగం సూర్యుడి వైపు ఉండేలా ఆపండి, లేదా మీటర్ మీద ఒక గుడ్డ కప్పండి.

ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లో తిరగడానికి షీల్డ్ తీసి ఇంట్లో పెట్టడమే నేను చెప్పేది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ వేడి లేచి వస్తుంటే ముందు నుంచి వచ్చే ఆ కొద్ది గాలి కూడా లేకపోతే ఉక్కిరిబిక్కిరే. హైవే మీద అయితే మాట మారుతుంది, అక్కడ వడగాలి ఛాతీకి నేరుగా కొట్టకపోవడమే లాభం. అందుకే కొనేటప్పుడే పానా లేకుండా తీసి పెట్టుకునే క్లిప్పుల రకం దొరుకుతుందేమో అడగండి, నాలుగు పాయింట్ల షరతు మాత్రం వదులుకోకుండా. తీసిన షీల్డ్‌ని పాత దుప్పట్లో చుట్టి నిలబెట్టి ఉంచండి. పడుకోబెట్టి పైన బరువులు పెడితే వంపు మారిపోయి మళ్లీ రంధ్రాలు కలవవు.

వెనక ఎవరైనా కూర్చునేటట్టయితే వాళ్లతో కూడా ఒక రౌండు వేసి అడగండి. మీకు సాఫీగా ఉన్న గాలి, మీ తల దాటాక వాళ్ల హెల్మెట్‌కి సుడిగా తగలొచ్చు. అప్పుడు షీల్డ్‌ని ఒక అంగుళం దించి, మళ్లీ ఇద్దరూ కూర్చుని చూసుకోండి.